ఒక్క హాజరు

కొత్తవాడల మా నాయిన జంపఖానా నేస్తుంటె
గుంట మగ్గం పక్కన కూసోని
తెగిన రంగు పోగులతోటి అ ఆలు పేర్చేటోణ్ని.
"గిదేం అచ్చరంరా ఓదెలూ, నడుమల వంకరున్నది" అనేటోడు.
సదువు రాని మనిషి.
తప్పు మాత్రం ఆయన వేలికి తగిలేది.

మూడో తరగతిల "గిట్ల" అన్నందుకు
"ఇలా" అనేదాక అరచెయ్యి మీద కొట్టిన్రు.
ఆ దినం సంది నాకు రెండు తెలుగులు,
ఒకటి ఇంటి కడపకు, ఒకటి బడి గేటుకు.
రెండోదాన్ని అమ్ముకొని
ముప్పై నాలుగేండ్లు బతికిన.

మొదటి పోస్టింగు గూడూరు దాటినంక తండా.
బస్సు దిగితే నాలుగు కిలోమీటర్ల నడక, ఒక వాగు.
చార్టు మీద బొమ్మ చూపిచ్చి ఎవరమ్మా అని అడిగితె
ద్వాలి అనే పిల్ల "యాడి" అన్నది.
కాదు, అమ్మ. అ.
"యాడి."
అ అమ్మ, అను.
పిల్ల బొమ్మ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది,
ఇద్దట్ల అబద్ధం ఎవరిదో తేలక
ఒంటికని పోయి ఆ పూటకు మల్ల రాలేదు.
నేను రిజిస్టర్ల రాసిన: ద్వాలి, అక్షరజ్ఞానం లేదు.
సంతకం గూడ మంచిగ పెట్టిన.

తర్వాత ఎన్ని ఊర్లో, ఎన్ని ఎర్ర రీఫిళ్లో.
పోయిండు కొట్టేసి వెళ్ళాడు,
ఆనిగెపుకాయ కొట్టేసి సొరకాయ,
నెత్తి కొట్టేసి తల.
సారంగపాణి అనే పోరడు లేచి అడిగిండు:
"సార్, నెత్తి నొస్తె బడికి రావాల్నా,
తల నొప్పి అయితెనే సెలవా?"
క్లాసంత నవ్వింది. నేను నవ్వలే.
ఇప్పుడు ఎప్పుడన్న ఒక్కణ్నే ఉన్నప్పుడు నవ్వొస్తది.

ఎంజీఎంల నాయిన ఆఖరి రాత్రి.
"ఏం కావాలి నాన్నా, మంచినీళ్ళు తాగుతారా?" అన్న.
అలవాటు.
ఆయన నర్సు దిక్కు తిరిగి మెల్లగ అడిగిండు,
"ఈ సారు ఎవరమ్మా?"

ఆఖరి బడి పరకాల దారిల, ఇటుక బట్టీల నడుమ.
పొద్దుగాల పసుపుపచ్చ వ్యాన్లు
ఊరి పిల్లలనంత ఏరుకొని పోతయి.
బడిబాటకు బ్యానరు ఒక కొస నేను పట్టిన,
ఇంకో కొస వంట చేసే లసుమక్క.
హాజరు పట్టీల ఒకటే పేరు,
డంబరు మాఝి, ఒరిస్సా.
ఒక్కడికే గంట కొట్టేది,
ఒక్కడికే "అందరూ కూర్చోండి" అనేది.

వారం దినాలు నోరు తెరవలే.
ఎనిమిదో దినం కిటికీ పట్టుకొని "బువా" అన్నడు.
అయ్యో, బిడ్డకు ఆకలైతున్నదని
పదిన్నరకే పళ్లెంల అన్నం, ఉడకని పప్పు, గుడ్డు.
పళ్లెం నూకేసిండు. "బువా! బువా!"
"ఇంత పెడితె ఇంకా బువ్వేందిరా" అన్న.
లసుమక్క పొయ్యికాడికెల్లి అరిచింది,
"బువ్వ కాదు సారూ, బాపును పిలుస్తున్నడు.
నేను బట్టీల మన్ను మోసినదాన్నే, నాకెరుకే."

నేను నల్లబల్ల దిక్కు తిరిగిన.
బ బడి తుడిచేసిన.
బ బువా అని రాసిన.
ఎవరన్న ఆఫీసరు వస్తే ఏం చెప్పాలె అని
ఒక్క నిమిషం భయమైంది గూడ.
పోరడు వచ్చి
మన్ను వేలితోటి ఆ మాట మీద కొట్టిండు, రెండుసార్లు.

ఏప్రిల్ల బడి మూసేనాడు వాడు రాలే.
బట్టీకాడికి పోయిన.
గుడిసె ఖాళీ, నాలుగు రాళ్ల పొయ్యి, తెగిన చెప్పు.
మేస్త్రీ అన్నడు,
"పచ్చి ఇటుకల మీద గీతలు గీసిండు సారూ మీ పోరడు,
కొట్టబోతే వాళ్ళయ్య ఆపిండు.
అవి గూడ కాల్చినం, లోడు పోయింది."

మే నెలాఖరుకు శాలువ కప్పిన్రు.
ఏదో మాట్లాడిన, సగం గిట్ల సగం ఇలా.

లోడు యాడికి పోయిందో అడగలే.
హన్మకొండ దిక్కు కట్టేటి ఏ గోడల్నో
సిమెంటు కింద ఒక బ ఉంటది,
నడుమల కొంచెం వంకరగ.