కాయితం మీద అంకె లేదు

మూడొందల ఏళ్ళ కింద జర్మనీలో ఎవరో రాసింది.
నా దగ్గరున్నది జెరాక్సుకి జెరాక్సు,
ఎడమ మూల స్వరాలు మాసి చీమలయ్యాయి.
ఎంత వేగంగా వాయించాలో ఆయన రాయలేదు.
అప్పట్లో అందరికీ తెలుసు కాబోలు,
పప్పులో ఉప్పెంతో మనం రాసిపెట్టుకోనట్టు.

ఫోన్లో టిక్కు టిక్కు పెట్టుకున్నాను.
అరవై. శవం వెనక నడకలా ఉంది.
ఎనభై నాలుగు. వేళ్ళకి సరదా పుట్టింది.
తొంభై ఆరు దగ్గర
ఒక గొంతు వెనక ఇంకో గొంతు, దాని వెనక మరోటి,
నాలుగూ ఒక్కసారే కావలి బస్సు ఎక్కబోయాయి.

రామాయపట్నం చర్చికి కప్పు చాలా ఎత్తు.
పైకి వదిలిన స్వరం
రెండు లెక్కపెట్టేదాకా కిందికి దిగదు.
అది దిగేలోపు ఇంకోటి పంపితే
రెండూ కలిసి రొచ్చు.

పోయినేడు దాకా ఈ ఆర్గన్‌కి ఊపిరి జక్కయ్య.
వెనకాల చెక్కగది, బోరింగు పిడిలాంటి పిడి,
గోడ మీద దారానికి వేలాడే సీసపు గుండు.
గుండు పైకి పాకిందా, తిత్తి ఖాళీ అవుతున్నట్టు.
బొగ్గుతో గీసుకున్న గీత దాటి
దాన్ని ఒక్కనాడూ పోనివ్వలేదు.
పిడి కిందికి వచ్చినప్పుడల్లా
స్వరం వెంట్రుకవాసి వణికేది.
ఆ వణుకు మాట మధ్యలో పడకుండా
మాటకీ మాటకీ సందులో పడేట్టు చూసుకునేదాన్ని.
అదే నా వేగం.
దానికో అంకె ఉంటుందని అనుకోలేదు.

కరీముల్లా వచ్చి మోటారు బిగించాడు.
చందాలు రాసినవాళ్ళ పేర్లు పలక మీద చెక్కారు.
ఇప్పుడు అలుపు లేదు, వణుకు లేదు,
ఎంత కావాలంటే అంత గాలి.
ఎక్కడ ఆగాలో మాత్రం
ఎవరూ చెప్పడం లేదు.

గురువారం సాయంత్రం, ఖాళీ బెంచీలు.
సరుగుడు తోపు మీంచి ఉప్పుగాలి కిటికీలు కొడుతోంది.
చివరి బెంచీలోంచి జక్కయ్య:
"ఏందిమే ఆ పరుగు? ఎవరన్నా తరుముతుండారా?"
"మరెంత నిదానం కావాలి నీకు?"
నాకు కోపమే వచ్చింది.

జవాబు చెప్పలేదు. లేచి చెక్కగదిలోకి పోయాడు.
తిత్తికీ పిడికీ ఇప్పుడు సంబంధం లేదు,
ఉత్త కొయ్య అది.
దాన్నే పట్టుకుని కిందికి లాగాడు.
కిర్రు.
పైకి.
కిర్రు.

వాయించాను దాని వెంట.
ఏడు వరసలు బాగానే నడిచాం.
ఎనిమిదో దాంట్లో పాట కుంగింది,
నానిన గోనెసంచిలా.
ఆయన చెయ్యి అప్పటి చెయ్యి కాదు.
నేను ఆగలేక ముందుకు పోయాను.
వెనక కిర్రు, దానికి వెనక ఇంకో కిర్రు,
తర్వాత ఏమీ లేదు.

బయటికి వచ్చి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు.
"నా చెయ్యి ముసిల్ది అయ్యుండాది.
నీ పాటెందుకు ముసలిది కావాల?
కాకపోతే మధ్యలో
ఒక్కసారన్నా ఊపిరి పీల్చు తల్లా.
మిషను పీల్చదు గదా."

ఆదివారం చర్చి నిండిపోయింది.
పట్టుచీరలు, గంజి చొక్కాలు,
చంకల్లో పిల్లలు, నేల మీద చాపలు.
మొదటి స్వరం వదిలి పైకి చూశాను.
రెండు లెక్కపెట్టనక్కర్లేదు, ఒకటికే దిగింది.
మిగతాది జనం తాగేశారు.
గురువారం తప్పయిన వేగం
ఇవాళ కుదురుగా కూర్చుంది.
సందుల్లో మాత్రం నేను ఊపిరి తీశాను,
మోటారుకి తెలియకుండా.

ఇంటికొచ్చి పెన్సిలు చెక్కి
జెరాక్సు నెత్తిన డెబ్బై ఆరు అని రాసి
చెరిపి
"జనం వచ్చాక చూడు" అని రాశాను.

నా తర్వాత వాయించేవాళ్ళు
తిట్టుకుంటారు.