మూడూ పదకొండు

మా ఊళ్ళో నవంబరు చివర కొండ వెనక్కి వెళ్ళిన సూర్యుడు
జనవరి ఇరవయ్యైదు దాకా మొహం చూపించడు.
వచ్చిన రోజు ఇంటింటా పలచటి అట్లు, కాఫీ.
అందాకా నాకు వెలుగంటే
చేపల ఫ్యాక్టరీ మేడమీద ఈ తెర.

తెరమీద నూట పద్నాలుగు పేర్లు.
తూకం యంత్రాలు, మంచుగది థర్మామీటర్లు, కెమెరాలు,
ఎవరిదో తెలియని స్పీకరొకటి,
ఒక లేబుల్ ప్రింటరు.
దానికి స్టెయిన్‌బీతుర్ అని పేరు పెట్టిపోయాడు
నాకు ముందు పనిచేసిన హాఫ్లిది.
రాళ్ళు కొరికే చేప పేరది.
కాగితాన్ని అలాగే నములుతుంది మరి.

పేర్లు ఉంటాయి. అంకెలే మారతాయి.
రౌటరు ఇచ్చే చోటు అద్దెగది లాంటిది,
గడువు తీరితే మరొకరికి.
ఎవరు ఏ అంకె ఖాళీ చేసి ఎందులో దిగారో
వెతికి రాసుకోవడం నా సాఫ్ట్‌వేర్ పని,
అది చదవడం నా జీతం.

నాకిది కొత్తేం కాదు.
మా దేశంలో ఇంటిపేర్లు లేవు.
నేను స్టెయిన్వర్‌ని, హాల్ కూతుర్ని, అంతే.
ఫోన్ డైరెక్టరీలో మంత్రినైనా మొదటి పేరుతోనే వెతకాలి.
నేను అయిదిళ్ళు మారాను, రెండు పెళ్ళిళ్ళు మారాను,
పిలిస్తే ఇప్పటికీ అదే పేరుకి పలుకుతాను.

కొత్తగా మేలుకున్న యంత్రం ముందు మూడుసార్లు అడుగుతుంది:
ఈ పేరు ఎవరిదైనా ఉందా?
ఉందా?
ఉందా?
ఎవరూ పలక్కపోతే, అయితే నేనే, అంటుంది,
ఇదిగో నా చోటు.
మర్యాద తెలిసినదైతే ఆరిపోయేముందు వెళ్ళొస్తా అని చెబుతుంది.
చెప్పకుండా పోయినదాని పేరుని మాత్రం
నూట ఇరవై సెకన్లు నమ్మి ఉంచుకుంటాం.
ఆ తర్వాత కొట్టేస్తాం.

డిసెంబరులో ప్రతి పనిరోజూ ఇదే:
03:11 స్టెయిన్‌బీతుర్ జవాబు లేదు
03:13 పేరు కొట్టివేత
03:52 స్టెయిన్‌బీతుర్ వచ్చింది. పాత అంకె 61, కొత్త అంకె 87.

వెళ్ళొస్తా లేదు. ఎవరో నోరు మూసినట్టు.

పొద్దున్న ఆరింటికి ప్యాకింగ్ వాళ్ళు
అరవయ్యొకటినే పట్టుకుని పిలుస్తారు.
అక్కడిప్పుడు క్యాంటీన్ టీవీ కాపురం.
నాలుగొందల పెట్టెల కాడ్ చేప లేబుల్ లేకుండా ఆగిపోయింది.
మేనేజరు తోర్గిల్స్ రౌటర్ని తిట్టాడు, తర్వాత నన్ను.

ప్రింటరుకి ఒకే అంకె కట్టిపడేస్తే సరిపోయేది,
రెండు నిమిషాల పని.
కానీ ఆ పదకొండు నన్ను నిద్రపోనివ్వలేదు.
చెడిపోయిన తీగకి గడియారం చూడ్డం రాదు.

మెట్లు దిగాను. మూడూ ఇరవై.
ఉప్పునీళ్ళ నేల సగం తుడిచి ఉంది.
ప్రింటరు వెనక గోడకున్న ఒకే ఒక్క ప్లగ్గులో
చిన్న హీటరు ఎర్రగా మండుతోంది.
బోర్లించిన చేపలతొట్టి మీద హలీనా.
వోమ్జా నించి వచ్చి ఆరేళ్ళట, ఆ తర్వాత తెలిసింది.
రబ్బరు తొడుగులు ఒళ్ళో,
ఉడికిన రొయ్యల్లా వేళ్ళు.

గబుక్కున లేచింది.
మా భాష కూడదీసుకుని, పది నిమిషాలే, అంది.

నలభై ఒకటి.
సెకన్లతో సహా నాకు తెలుసు.
కూర్చో, అన్నాను.

మర్నాడు ఇంట్లో దీపాల పండక్కి వాడే ఎక్స్‌టెన్షన్ తీగ
బ్యాగులో కుక్కుకుని తెచ్చాను. అయిదు ప్లగ్గులది.
రిపోర్టులో రాశాను: వదులైన కనెక్షన్. సరిచేశాను.
తోర్గిల్స్ సంతకం పెట్టి, చూశావా రౌటరే, అన్నాడు.

నూట పద్నాలుగు పేర్లలో హలీనా లేదు.
హీటరూ లేదు, దానికి పలకడం రాదు.
ఆమె ఈ తెరమీద ఉన్నన్నాళ్ళూ
ఒక ప్రింటరు లేకపోవడంగానే ఉంది.

ఆ రాత్రి మూడూ పదకొండుకి ఏమీ రాలేదు.
పన్నెండుకీ రాలేదు.
అరవయ్యొకటి అరవయ్యొకటిలోనే ఉంది.
కింద ఆమె ఎంతసేపు కూర్చుందో నాకిక తెలీదు.
తెలియకూడదనే ఆ తీగ తెచ్చానేమో.
కాఫీ చల్లారిపోయింది,
మళ్ళీ కాచుకోడానికి లేచాను.