మూడో పిన్ను

గ్రైండరు మీద చెయ్యి పెడితే
ఎర్రచీమలు పాకినట్టుండేది.
పిండికొచ్చినోళ్ళు అనేది ఒకటే మాట,
"చెప్పులేసుకోక్కా, ఏం కాదు."
ఆర్నెల్లు చెప్పులేసుకున్యా.
తాడిపత్రి నల్లబండల ఇల్లు మాది,
పొద్దున కడిగితే సాయంత్రం దాకా ఆరదు.
తడిబండ మీద తడిచెప్పులు,
మోచేతుల దాకా మినప్పిండి.

మొన్న ఓబుళమ్మ మనవరాలు గిన్నె తెచ్చింది.
దానికి చెప్పుల్లేవు.
గ్రైండరు పట్టుకొని లోపలికి తొంగిచూసి
అంత దూరం ఎగిరి పడింది.
గిన్నె దొర్లిన చప్పుడుకి అందరూ నవ్వినారు,
రవంత సేపటికి పిల్ల కూడా నవ్వింది.
నాకు మాత్రం ఆ రాత్రంతా
గిన్నె దొర్లుతానే ఉండింది.

యల్లనూరు రోడ్డులో ఉసేనమ్మది వైండింగు అంగడి.
వాళ్ళ అవ్వ పరుపులకు పత్తి ఏకేది,
ఈమె కాలిన బోరు మోటార్లకు రాగితీగ చుడతాది.
వచ్చింది, సంచి దించింది,
గోడకానుకొని కూర్చుంది.
"నేను ముట్టను. నువ్వే చెయ్యి, చూస్తాంటా."

ముందు టెస్టరుకే పరీక్ష.
కరెంటుండే బొక్కలో పెట్టి వెలిగిందా చూడమంది.
"చచ్చిన టెస్టరు ఎప్పుడూ 'లేదు' అనే చెప్తాది.
నమ్మినావంటే నువ్వూ ఉండవు."
ఆమీద ప్లగ్గు పీకి, మెయిను దించి,
ఫీజు తీసి కొంగున ముడేసుకోమంది.
"మెయిను దించితే చాలదా?"
"ఫ్యాను తిరగలేదని మీ ఇంటాయన ఎత్తడా?"
పావుగంటకు వచ్చినాడు, ఎత్తనే ఎత్తినాడు,
తిరగని ఫ్యానును తిట్టుకుంటా పోయినాడు.
మళ్ళా దించినా. మళ్ళా టెస్టరు.
ఈసారి వెలగలేదు.
ఫ్రిజ్జు కూడా నోరు మూసుకునింది.

చేతులు తుడుచుకొని, పొడి చెక్కపీట మీద కూర్చున్యా.
ప్లగ్గు చేతికిచ్చి "లెక్కబెట్టు" అంది.
రెండు పిన్నులు.
మూడోదుండాల్సిన చోట
రంపం గీత.

అప్పుడు గుర్తొచ్చింది.
ఈ ఇంటికొచ్చిన వారం నేను కొన్న జంక్షన్ బాక్సుకు
రెండే బొక్కలు. ప్లగ్గు పట్టలేదు.
వెల్డింగు పిల్లోనితో నేనే కోయించినా,
పది రూపాయలు ఇచ్చినా కూడా.
గోడ బోర్డుకేమో
మూడో బొక్క అప్పటి నుంచీ నోరు తెరుచుకొనే ఉండాది.
ఉసేనమ్మతో ఇదంతా చెప్పలేదు.
ఆమె అడగలేదు.

కొత్త ప్లగ్గులో ఎరుపు, నలుపు బిగించినాక
పచ్చతీగను వాటి కొలతకే కత్తిరించబోతే
చెయ్యి పట్టుకునింది.
"అది రవంత పొడుగుండనీ.
ఎవురన్నా వైరు గుంజితే
అన్నీ ఊడినాక కడాన ఊడాల్సింది అదే."

ఆ తర్వాత పెరట్లోకి పోయినాం.
స్నానాల గది ఎనక బండ లేపితే ఎర్తు గుంత.
ఉప్పూ బొగ్గూ పోసిన గుర్తులు, ఒక పైపు, పైన తుప్పు.
క్లాంపు గీకి బిగించినా.
మన్ను మాత్రం
బీటలిచ్చిన మడమ మాదిరుండాది.
"ఎండిన మన్ను కరెంటును మింగదు మే,
నీళ్ళు పొయ్యాల దీనికి."
మూడు దినాలకోసారి వచ్చే కొళాయి,
వంటకింత తానానికింత అని పంచుకునే నీళ్ళు.
ఒక బిందె పోసినా.
గుటగుటా తాగి
ఇంకా అన్నట్టు చూసింది.

ఫీజు పెట్టి, మెయిను ఎత్తి, గ్రైండరు తిప్పి
టెస్టరు ఆనిచ్చినా, వెలగలేదు.
చీమలు లేవు.
ఉసేనమ్మ రెండు గరిటెల పిండి పట్టుకొని పోయింది,
డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు వీధిలో నన్ను కరెంటక్క అంటారు.
వానలో స్తంభం మీద నిప్పులు రాలితే పిలిచినారు.
మీటరుకు అవతలిది నాది కాదన్యా.
ఆఫీసోళ్ళకు ఫోను చేసి, వాళ్ళొచ్చేదాకా
పిల్లోళ్ళను అటు పోనీకుండా నిలబడినా.
చేసింది అంతే.

నిన్న ఓబుళమ్మ గోడ మీంచి చూసి అడిగింది,
"ఏం చెట్టు పెట్టినావు అక్కడ?"
"చెట్టేం లేదు."
"మరి నీళ్ళేంటికి?"
లోపల ఆమె మనవరాలు
తడికాళ్ళతో గ్రైండరుకు ఆనుకొని
పిండి కోసం చూస్తాంది.