వైరులో తప్పు లేదు

అంబాజీపేట కొబ్బరి వర్తకుల సంఘం మేడమీద
రెండు బాక్సులు, ఒక మైకు, ఒక స్టాండు.
పెళ్ళికైతే పదివేలండి, కచేరీ గనక పన్నెండొందలు.
కింద గోదాములో కురిడీ కాయలు,
మెట్లనిండా పీచు,
ఎక్కినవాళ్ళ చెప్పులకి అంటుకుని పైదాకా వచ్చేసింది.

మాణిక్యాంబ గారు పెట్టె తెరిచారు.
ఫిడేలే అనుకున్నాను.
కాదు, దాని అక్క.
నడుం వెడల్పు, రంగు పాత బెల్లం.
"వయోలా" అన్నారు సెక్రటరీ గారు
కాగితం చూసి, రెండుసార్లు.
ముందు వరసలో దింపుకాయల షావుకారు
"పెద్ద ఫిడేలంటే సరిపోదుటండీ" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆవిడ పక్కనే కూర్చున్నారు.
పాట ఇంకొకరిది, చప్పట్లూ ఇంకొకరివే.
శాలువా కప్పే వేళకి నేను మైకు అటు తిప్పేవాణ్ణి,
ఇటు ఆవిడ తల వంచుకుని
కమాను మరలు వదులు చేసుకునేవారు.
ఇవాళ నట్టనడుమ చాప మీద ఆవిడే.
ఓ వార మృదంగం. పాడే మనిషి లేడు.

ఆహిరి వాయిస్తారన్నారు.
ఆహిరి వింటే ఆ పూట అన్నం పుట్టదని
సెక్రటరీ గారు ముందే పెసరట్లు పంచేశారు.
నేను వైర్లు లాగుతున్నాను, నాకు అందలేదు.

మొదటి కమాను పడగానే
బాక్సుల్లో గుయ్యిమంది.
హమ్ము. నా చెవికి తెలిసిన జబ్బే.
ఎర్తు ఊడితే వస్తుంది,
పిన్ను తడిసినా వస్తుంది,
ఎవరో వైరు మీంచి కుర్చీ ఈడ్చినా వస్తుంది.
గోడవారనే మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను,
జాయింటు జాయింటూ నొక్కి చూశాను,
టేపు విప్పి మళ్ళీ చుట్టాను,
తిరిగొచ్చి బేసు నాబు సున్నాకి తిప్పాను.

ఆవిడ ఆపారు.
కమాను తీగ మీదే ఉంచి నా వైపు చూశారు.
"ఏసుపాదం బాబూ, వైరులో తప్పు లేదు.
ఆ చప్పుడు నాదే."

నాబు వెనక్కి తిప్పేశాను.

ఫిడేలు ఆగిపోయే మెట్టు ఒకటి ఉంటుంది చూడండి,
రేవులో నీళ్ళు తాకే మెట్టు,
ఆవిడ అక్కణ్ణించి ఇంకా దిగారు.
పాచి మెట్టు, దాని కింద ఒండ్రు,
మడమ మునిగేదాకా చల్లదనం.
గౌతమిని ఎరగనివాళ్ళు లేరు.
బోడసకుర్రు వంతెన మీద బస్సులో పోయేవాడు
కింద ఉన్న వైనతేయ పేరు ఎప్పుడైనా అడిగాడా?
అదీ సముద్రంలోకే వెళ్తుందండి,
తన నోటితో తనే.

మా అమ్మ కరుణమ్మది బొంగురు గొంతు.
ఊడుపుల్లో ముందు పాట అమ్మకి ఇచ్చేవారు కాదు.
"నువ్వు వంత పాడవే" అనేవారు.
వంత పాడ్డమంటే మనకి తిట్టే కదా.
గట్టు మీద తువ్వాలులో చద్దిమూట పట్టుకుని
నేను వెతికింది మాత్రం ఆ గొంతునే,
వంగిన నడుముల వరసలో చిట్టచివర,
బురదలోంచి వస్తున్నట్టు.
అది లేని రోజున పైపాట
నాచులా నీళ్ళమీద తేలి ఎటో పోయేది.
ఇన్నేళ్ళూ ఆ సంగతి నాకు తట్టనేలేదు.

ఆ అడుగు తీగ మీద పంచమం నిలబెట్టినప్పుడు
మేకు వదులైన కిటికీ అద్దం ఒకటి
సన్నగా వణికింది.
మామూలుగా అయితే కాగితం ముక్క దోపేవాణ్ణి.
ఉండనిచ్చాను.

లెక్కపెట్టాను, పదిహేడు మంది.
మంగళం అయ్యాక షావుకారు లేచి
చేతులు కట్టుకుని అన్నాడు:
"అమ్మా, ఆ కింది తీగ
పాటేమీ వద్దు,
ఊరికే ఇంకొక్కసారి."
ఆవిడ నవ్వలేదు. కళ్ళు మూసుకుని
ఒకే ఒక్క కమాను లాగారు, ఈ చివర్నించి ఆ చివరికి.
కమాను అయిపోయింది, ఆ చప్పుడు ఇంకా ఉంది.

సామాను ఆటో ఎక్కించేసరికి పదిన్నర.
హోటళ్ళు కట్టేశారు. ఆహిరి మాట నిజమేనండి.
గోదాము కాపలావాడు ఇచ్చిన కురిడీ ముక్క నములుతూ
కాలవగట్టు మీద కూర్చున్నాను.
గుయ్యిమంటూనే ఉంది,
వైర్లన్నీ చుట్టేశాక కూడా.