పోటు వేళ

ఇంజను దగ్గితే నాకన్నా ముందు ఆవిడకే తెలిసేది.
ఆగమని చెయ్యెత్తి,
తల పక్కకి వంచి వినేది,
ముసలాయన రొమ్ము విన్నట్టు.
"డీజిల్లో నీళ్ళు కలిశాయి, నోల్‌బెర్తో" అనేది.
కలిసే ఉండేవి.

డాక్టర్ ఎర్సీలియా మన్సీయా.
చిలోయే దీవుల్లో పదకొండేళ్ళు
నా పడవలో తిరిగింది.
మొదటి ఏడాదంతా వాంతులే.
అంచు పట్టుకుని కక్కేసి, మూతి తుడుచుకుని,
"తర్వాత ఎవరిల్లు?" అనేది.

వానకి సిరా కారిపోతుందని పెన్సిలుతో రాసేది.
ఒకసారి తొంగిచూశాను, తప్పే అనుకో.
బీపీ, చక్కెర, ఆ లెక్కలన్నీ ఉన్నాయి.
వాటి పక్కన:
"రేవు నుంచి ఇంటికి నలభై రెండు మెట్లు. పన్నెండోది విరిగింది."
"కుక్క కరుస్తుంది. కొడుకు కరవడు గానీ తాగుతాడు."
"మాత్రలు మింగుతున్నానంటుంది. కోళ్ళగూట్లో వెతకాలి."

తర్వాత, దోమితీలా ఉత్తరం.
చక్కెర జబ్బు ఆమె కళ్ళలోకి దిగుతోందని
పెద్దాసుపత్రికి రాసిన ఉత్తరం.
నేనే పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టొచ్చాను.
బల్ల మీంచి సొరుగులోకి వెళ్ళింది.
సొరుగులో ఏడు నెలలు.
పిలుపు వచ్చేసరికి దోమితీలా
ఏ ఉండ ఏ రంగో మనవరాలిని అడిగి అల్లుతోంది.

ఆ రోజు తిరుగు దారిలో డాక్టరమ్మ నోరు విప్పలేదు.
రేవులో దిగుతూ మాత్రం అంది:
"జబ్బు కాదు, నోల్‌బెర్తో. సొరుగు."

ఆ చలికాలమంతా ఆరోగ్య కేంద్రంలో
జనరేటరు రాత్రి రెండింటిదాకా మోగింది.
నలభై మూడేళ్ళ వయసులో
కంప్యూటరు చదువుకి ఓనమాలు దిద్దింది.
పొగబెట్టిన చేప పట్టుకెళితే
తెర మీంచి తల తిప్పకుండా తినేది, ముల్లుతో సహా.

వసంతానికి చిన్న కెమెరా వచ్చింది.
నా పడవ గదిలో, దుప్పటి చాటు చీకట్లో,
కంటి వెనక గోడని ఫొటో తీసి
సిగ్నల్ దొరికే కొండకొమ్ము దగ్గర ఆపమనేది.
అక్కడ ఊగుతూ నిలబడేవాళ్ళం
ఫొటో ఎగిరిపోయేదాకా.
రెండు రోజుల్లో జవాబు.

అక్కణ్ణించి ఆవిడ్ని ఎవరూ ఆపలేకపోయారు, ఆవిడతో సహా.
ప్యుయెర్తో మోంత్. ఆ తర్వాత శాంతియాగో,
పదిహేడో అంతస్తు, పెద్ద కుర్చీ,
దేశం కళ్ళన్నీ ఆవిడ బల్ల మీదే.
ఒక్కసారి ఫోను చేసింది:
"ఇక్కడ ఏదీ ఊగదు, నోల్‌బెర్తో.
అందుకే కడుపులో తిప్పుతోంది."
టీవీలో చూశాను. మెడలో స్టెతస్కోపు లేదు.
ఆ మెడ ఇంకెవరిదో అనిపించింది.

కోపం రాలేదని చెప్పను.
ఇప్పుడొచ్చే కుర్ర డాక్టరు మంచివాడే,
ట్యాబు చూసి పేరు పెట్టి పిలుస్తాడు.
కుక్క సంగతి తెలీదు. కరిపించుకున్నాడు.

పోయిన నెల నా వంతు వచ్చింది.
గడ్డం ఆనించి, రెప్ప వాల్చకుండా, దుప్పటి కింద,
నా పడవలో నేనే రోగిని.
నర్సు ఒవీడియా ట్యాబులో ఒక్కొక్కటే అడిగింది.
వయసు. బరువు. ఎన్నేళ్ళుగా.
"రేవు నుంచి మెట్లెన్ని?"
"పోటు ఎన్ని గంటలకి?"

నవ్వొచ్చింది. ఒవీడియా చెప్పింది:
రాజధాని ఇంజినీర్లు ఆ గడి తీసేద్దామన్నారట,
ఏ పోటు, తలపోటా, గుండెపోటా అని.
సముద్రం పోటు, అందట డాక్టరమ్మ.
నీళ్ళు లేకపోతే పడవ రాదు,
పడవ రాకపోతే రోగి రాడు,
రోగి రాని అపాయింట్‌మెంటు
ఇంకో సొరుగు.
మూడు మీటింగులు పట్టిందట.
ఉంచారు.

"తీసుకొచ్చేదెవరు?" అంది ఒవీడియా.
నేనే, అన్నాను.
గడి ఒప్పుకోలేదు. రోగీ పడవవాడూ
ఒక్కడే అయితే ఎర్రగా మెరుస్తోంది.
ఇది ఆవిడకి తోచలేదన్నమాట.
చెప్పాలి.
నంబరు ఇంకా ఉంది నా దగ్గర.
అవతల ఎత్తగానే ఏమీ అనలేదు నేను,
ఫోను ముందు ఇంజను దగ్గర పెట్టాను.
ఈమధ్య మళ్ళీ దగ్గుతోంది.