అర మిల్లీలీటరు

జహ్రాలో తెల్లవారుజాము మూడున్నర.
బయట దుమ్ము లేచింది,
వీధి దీపాలు పసుపునీళ్లలో మునిగినట్టున్నాయి.
గొట్టంలో గాలి బుస్సుమంది,
ల్యాబు బుట్టలోకి ఒక చిన్న సీసా దూకింది.
చీటీ మీద పేరు లేదు.
బుష్రా బిడ్డ, ఆడ, ఏడు గంటలు.

నా డ్యూటీ అంత కూడా లేని వయసు.

మడమ పిండి తీసిన అర మిల్లీలీటరు.
మనకైతే దోమల లెక్క.
ఆ ఒంట్లో ఉన్నదంతా పోసినా
మంచినీళ్ల గ్లాసు అంచుదాకా రాదు.

బిడ్డ బయటికొచ్చింది గానీ
నెత్తురికి ఆ కబురు ఇంకా అందలేదేమో.
ఊపిరితిత్తుల వాకిలి బిగుసుకుంటే
కడుపులో నడిచిన పాత సందులోంచే తిరుగుతుంది.
గుండె కుడిగోడ తోసీ తోసీ సాగుతుంది.
సాగిన కండ ఏదో ప్రోటీన్ వదులుతుంది,
బరువెత్తినోడి మెడ మీద చెమటలాగా.
ఆ చెమటనే నేను లెక్కపెట్టేది.

పైనుంచి నర్సు మారివిక్ ఫోను:
"పిల్ల గులాబీలాగుంది, పాలు కూడా తాగింది."
తెర మీద మాత్రం ఐదంకెలు.
మొదటిరోజు ఎవరికైనా ఎక్కువే ఉంటుంది,
ఎంతైతే మరీ ఎక్కువో
పుస్తకాలే ఇంకా తేల్చుకోలేదు.

మళ్లీ చెయ్యమంటే
మళ్లీ ఆ మడమ.
సీసా దీపానికెత్తి చూశాను, నెత్తురు చెడలేదు.
చీటీపాటలో మా అత్త అంకె చదివినట్టు
పెదవులు కదిలిస్తూ ఇంకోసారి చదువుకొని
డాక్టర్ బద్రియాకి చెప్పాను.

"అంకెను నమ్మాలా, పిల్ల రంగునా?"
"నేను రంగు చూళ్లేదు మేడమ్."

అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత, ఎకో మిషను తెమ్మని ఎవరినో కేకేయడం.

డబ్బాలో చల్లారిన ఖుబ్జ్, పప్పుల పొడి.
విప్పి, మళ్లీ మూసేశాను.

ఐదున్నరకి మారివిక్కే చేసింది.
చూస్తుండగానే పెదాలు నీలంగా తిరిగాయంట,
అప్పటికే గ్యాసు సిలిండరు పక్కనే ఉందంట.
ఇంకేదో చెప్పబోయి, ఎవరో పిలిస్తే పెట్టేసింది.

దుమ్ము తగ్గలేదు.
పొద్దు ఎటు పొడిచిందో తెలీలేదు.
ఏడింటికి, నేను చేతులు కడుక్కుంటుంటే
గొట్టం మళ్లీ బుస్సుమంది.
అదే చీటీ. కాకపోతే బిడ్డ అన్న మాట కొట్టేసి
పైన పెన్నుతో రాశారు: షైమా.

మిషనుకి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది.
పగటి డ్యూటీ ఆయన వచ్చి కుర్చీ అడిగాడు.
ఇచ్చేసి, నిలబడ్డాను.