సెలవు రోజులు

మా కొబ్బరిపీచు షెడ్డు గోడ మీద
రోజుకో బొగ్గుగీత గీసేది తాయారు కూతురు.
వాళ్ళ నాన్నది అరవై రోజుల సెలవు.
"వెళ్ళిపోతాడని బెంగా?" అన్నాను.
కాదంది.
ఇంకా ఎన్నున్నాయో అని.

నాయక్ గారు నడిచొస్తుంటే
పుంతదారి కూడా నిటారుగా నిలబడేది.
జెండా పండక్కి బళ్ళో తాడు లాగింది ఆ చెయ్యే.
ఆ చేతి మీద ఎవరికి చెప్పుకుంటారు?
"ఆయ్, దేశాన్ని కాసేవోడండి, ఓర్చుకోవాలి" అంది ఊరు.
నాతోనూ అదే అంది, ముప్ఫయ్యేళ్ళ కిందట.
మా హవల్దారు పటానికి ఇప్పటికీ దండేస్తాను.
వానొచ్చే ముందు
ఎడమ మోచెయ్యి ఇప్పటికీ సలుపుతుంది.

పందొమ్మిదో గీత రాత్రి తలుపు చప్పుడు.
ఏమీ అడగలేదు.
పాలు కాచాను. గడియ పెట్టాను.
గడప కవతల బూట్లు చాలాసేపు తిరిగాయి,
కత్తిపీట ఒళ్ళో పెట్టుకుని
నేనూ చాలాసేపు కూర్చున్నాను.

తెల్లారి ముక్తేశ్వరం రేవులో మొదటి పంటు.
అవతల కోటిపల్లి, అక్కణ్ణించి కాకినాడ బస్సు.
సైనిక సంక్షేమం ఆఫీసు మెట్లు నాకు కొత్త కాదు,
పింఛను కోసం అరిగించినవే.
ఈసారి వేరే కాగితం.

నడిగోదాట్లో పిల్ల
గౌను జేబులోంచి బొగ్గుముక్క తీసింది.
నీళ్ళలోకి విసరబోయి,
వాళ్ళమ్మ మొహం చూసి,
మళ్ళీ జేబులో పెట్టుకుంది.